ఆ ఆరు వారాలూ మాల ఏం చేసింది?

వారపత్రికల్లో సీరియల్సు చదివే అలవాటున్నవాళ్లకి మూడు చుక్కల సంగతి నేను చెప్పక్కర్లేదు. పేజీ మధ్యలో మూడు నక్షత్రాలు అచ్చువేసి వుంటాయి. వాటి పై పేరాలో పెళ్లికొడుకు మెళ్లో దండతో విమానాశ్రయంలో చెయ్యి వూపుతూ వుంటాడు. కొత్త పెళ్లికూతురు అత్తగారి వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వుంటుంది. కింది పేరాలో ఆ పిల్లే షికాగోలోనో డెట్రాయిట్‌లోనో వంటగది కిటికీలోంచి మంచు కురవడం చూస్తూ వుంటుంది. మధ్యలో మూడు చుక్కలు. ఆ చుక్కల్లో ఏముందయ్యా అంటే, వీసా వుంది.

మంచు గురించి మనకి కావలసినన్ని కథలు వచ్చాయి. పక్కింటి తెల్లావిడ గురించి, పిల్లలకి తెలుగు రాకపోవడం గురించి, ఊళ్లో ఒంటరిగా మిగిలిపోయిన అమ్మానాన్నల గురించి వచ్చాయి. పెళ్లయి, మొగుడు అక్కడా తాను ఇక్కడా అయి, కాగితాల కోసం కాచుకుని కూర్చున్న ఆడపిల్ల గురించి ఒక పేరా కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. ఆ కాలం ఆరు వారాలు కావచ్చు, మూడేళ్లు కావచ్చు. అన్నాళ్లూ ఆమె పుట్టింటికి చుట్టం, అత్తింటికి అతిథి, ప్రభుత్వానికి ఒక దరఖాస్తు నంబరు. రచయితలకి మూడు చుక్కలు.

ఆ చుక్కలు తీసేసి చూస్తే ఎలా వుంటుందో చెప్పడానికి ఒక మంచి కథని సాయం తెచ్చుకుంటున్నాను. జుంపా లహిరి ఇంగ్లీషులో వ్రాసిన 'ది థర్డ్ అండ్ ఫైనల్ కాంటినెంట్'. 1999లో వచ్చిన 'ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మేలడీస్' సంపుటిలో ఇది చివరి కథ. ఆ సంపుటికి 2000లో పులిట్జర్ బహుమతి వచ్చింది కాబట్టి మీలో చాలామంది చదివే వుంటారు. చదవనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. కథ ముందే తెలిసిపోతే రుచి చెడిపోయే రకం కథ కాదిది.

చెప్పేది భర్త. తన పేరు చెప్పడు. 1964లో కామర్సు సర్టిఫికెట్టూ, జేబులో పది డాలర్లూ పెట్టుకుని ఓడెక్కి లండను వెళతాడు. అక్కడ తనలాంటి బెంగాలీ బ్రహ్మచారులతో కలిసి ఒక ఇంట్లో గుడ్ల కూర వండుకు తింటూ చదువుకుంటాడు. 1969లో, ముప్పై ఆరో ఏట, అతనికి రెండు ఒకేసారి జరుగుతాయి. అమెరికాలో ఎం.ఐ.టి. గ్రంథాలయంలో ఉద్యోగం వస్తుంది. కలకత్తాలో అన్నావదినలు సంబంధం కుదురుస్తారు. పిల్ల పేరు మాల. వయసు ఇరవై ఏడు. బడిపంతులు కూతురు. వంట వచ్చు, అల్లిక వచ్చు, బొమ్మలు వెయ్యడం వచ్చు, టాగోర్ పద్యాలు అప్పజెప్పడం వచ్చు. ఇన్ని వచ్చినా రంగు తక్కువని, చూసిపోయినవాడల్లా కాదన్నాడు. (ఈ ముక్క చదివినప్పుడు ఇది బెంగాలీ కథ అని మనకెవరికీ అనిపించదు లెండి.)

పెళ్లయిన తరువాత ఆ ఇద్దరూ కలిసి గడిపింది అయిదు రాత్రులు. ఆ అయిదు రాత్రులూ మాల మొహానికి క్రీము రాసుకుని, జడ అల్లుకుని, అటు తిరిగి పడుకుని అమ్మానాన్నల కోసం ఏడుస్తుంది. ఆయనగారు టార్చిలైటు వెలుగులో అమెరికా గురించిన పుస్తకం చదువుకుంటాడు. ఓదార్చాలని కూడా తోచదు. తరువాత అతను విమానమెక్కి బోస్టన్ వెళ్లిపోతాడు. మాల పాస్‌పోర్టూ గ్రీన్‌కార్డూ తయారవడానికి ఆరు వారాలు పడుతుంది.

కథంతా ఆ ఆరు వారాల్లోనే వుంది. అయితే అవి భర్తగారి ఆరు వారాలు. పాలల్లో కార్న్‌ఫ్లేక్సు వేసుకుని తినడం, వారానికి ఎనిమిది డాలర్ల అద్దెకి ఒక గది, ఆ ఇంటి యజమానురాలు మిసెస్ క్రాఫ్ట్. ఆవిడకి నూటమూడేళ్లు. చంద్రుడి మీద అమెరికా జెండా పాతారని రోజూ సాయంత్రం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆశ్చర్యపోతుంది, అతన్నీ పైకి ఆశ్చర్యపొమ్మంటుంది. ఆ ముసలావిడకీ ఈ బెంగాలీకీ మధ్య పెరిగిన అభిమానాన్ని లహిరి ఎంత ఓపిగ్గా, ఎంత నెమ్మదిగా చెప్పిందో చూస్తే ఈర్ష్యగా వుంటుంది. అన్నీ కళ్లకు కడతాయి.

మరి అక్కడ కలకత్తాలో మాల? ఒక్క ఉత్తరం. నాలుగైదు పొట్టి వాక్యాలు, అవీ ప్రయాణానికి తయారీగా ఇంగ్లీషులో వ్రాసినవి. ఒంటరిగా వుందనీ, అక్కడ చలిగా వుంటుందా అనీ అడుగుతుంది. అది చదివిన భర్తకి గుండెలో ఏమీ కదలదు. లహిరి అతన్ని మంచివాడిగా చూపించాలని తాపత్రయపడదు, అది ఆమె గొప్పతనం. కానీ పెళ్లయి వారం తిరక్కుండా ఒంటరిదైన ఒక పిల్ల ఆరు వారాలకి ఒక ఉత్తరమేనా? ఆ కథ ఎన్నిసార్లు చదివినా నాకు మిసెస్ క్రాఫ్ట్ ఇంట్లోంచి లేచి కలకత్తా వెళ్లి, ఆ పిల్ల ఆ పూట ఏం చేస్తోందో చూసి రావాలనిపిస్తుంది.

ఇక్కడొక చరిత్ర ముక్క చెప్పుకోవాలి. లేకపోతే ఆరు వారాలంటే ఎంత అదృష్టమో తెలియదు. 1946 చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి నూరుమందికే అమెరికా వలస వెళ్లే వీలు. నూరుమంది! మన పెళ్లిళ్లలో మొదటి బంతికి చాలరు. 1965లో చట్టం మారి, 1968 నుంచి దేశానికి ఏటా ఇరవై వేల దాకా అవకాశం వచ్చింది. మన గుంటూరు, విశాఖ, ఉస్మానియా డాక్టర్లు, ఇంజనీర్లు బారులు తీరి వెళ్లింది ఆ తలుపులోంచే. మాల కూడా సరిగ్గా తలుపు తెరుచుకున్న వేళకి వచ్చింది కాబట్టి ఆరు వారాల్లో తేలిపోయింది. తరువాత తరువాత వరస పెరిగింది. గ్రీన్‌కార్డు వున్న మగవాడు ఇండియా వచ్చి పెళ్లి చేసుకుంటే, భార్య వంతు వచ్చేసరికి ఏళ్లు గడిచిపోయేవి. అలా మూడేళ్లకు పైగా విడివిడిగా వుండిపోయిన దంపతుల కోసం 2000 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం వేరే ఒక వీసానే కనిపెట్టాల్సి వచ్చింది. ఒక చట్టం చెయ్యవలసినంత మంది భార్యలు వున్నారన్నమాట, ఆ మూడు చుక్కల్లో.

సరే, కథలోకి వద్దాం. మాల వస్తుంది. ఒకరోజు భర్త ఆమెని మిసెస్ క్రాఫ్ట్‌కి చూపించడానికి తీసుకెళతాడు. నా దృష్టిలో ఇది మొత్తం కథకి ప్రాణం. ముసలావిడ మాలని తల నుంచి పాదాల దాకా పరీక్షగా చూస్తుంది. చీర, బొట్టు, చేతినిండా గాజులు. చీర కుచ్చిళ్ల కింద ఇంకా ఎర్రగా వున్న పారాణి ఆవిడ కంటపడుతుందా అని భర్త గుండె గుబగుబలాడుతుంది. ఆఖరికి ఆవిడ, ఈ అమ్మాయి అన్నివిధాలా మర్యాదస్తురాలేనని తీర్పు చెబుతుంది. అప్పుడు భర్త నవ్వుతాడు. ఆ నవ్వు విని మాల అతనివైపు చూస్తుంది. అయిదు రాత్రుల్లో జరగనిది ఆ చూపులో జరుగుతుంది.

విమర్శకులు దీన్ని రెండు సంస్కృతుల కలయిక అనీ, మానవత్వం అనీ అంటారు. ఏమో గాని, పెళ్లిచూపులు చూడని మగవాళ్లు వ్రాసిన విమర్శల్లా వుంటాయవి. ఆ గదిలో జరిగింది ఇంటర్వ్యూ. కాన్సులేటులో కిటికీ వెనక కూర్చునే అధికారిని లహిరి నూటమూడేళ్ల ముసలావిడ వేషంలో తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఎంత తమాషా చూడండి! మాల జీవితంలో పెళ్లివారు వచ్చి చూసిపోయారు, కాదన్నారు. తరువాత ఈయనగారు ఒప్పుకున్నాడు. తరువాత అమెరికా ప్రభుత్వం కాగితాలు చూసి ఒప్పుకుంది. చివరికి ఒక పరాయి ముసలావిడ చూసి సెభాష్ అంటే, అప్పుడు మొగుడికి తన పెళ్లాం నచ్చింది. ఎంతమంది ముద్ర వేస్తే ఒక ఆడది భార్య అవుతుంది?

వీసా దరఖాస్తు అన్నది కూడా ఒక కథేనని నా అభిప్రాయం. ఇద్దరు రచయితలు, ఒకే ఒక పాఠకుడు. ఆ పాఠకుడు కథ నమ్మితేనే కాపురం. అన్ని కథల్లాగానే దీనికీ కొన్ని అలవాట్లున్నాయి: ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫోటోలు, ఒకరికొకరు వ్రాసుకున్న ఉత్తరాలు, ఎక్కడ కలిశారు, ఎలా కలిశారు, ఒకరి గురించి ఒకరికి ఏం తెలుసు. అంటే ప్రేమకథ. అదీ పూర్తయిపోయిన ప్రేమకథ. ఈ పద్ధతి పుట్టిన దేశంలో ప్రేమ ముందు, పెళ్లి తరువాత కాబట్టి, అక్కడివాళ్లకి ఇందులో వింతేమీ లేదు. 'గ్రీన్‌కార్డ్' అని 1990లో ఒక సినిమా వచ్చింది. కాగితాల కోసం దొంగపెళ్లి చేసుకున్న ఇద్దరు, అధికారుల ప్రశ్నలకి తయారవడానికి ఒకరి ఇష్టాయిష్టాలు ఒకరు పరీక్ష పాఠంలా బట్టీ వేస్తారు. ఆమె మొహానికి రాసుకునే క్రీము పేరు దగ్గర్నుంచీ. అలా బట్టీవేస్తూ వేస్తూ నిజంగానే ప్రేమలో పడతారు. సరదా సినిమా. కానీ నేను చూస్తున్నంతసేపూ నాకు మాల మొగుడు గుర్తుకొచ్చాడు. దొంగ మొగుడు క్రీము పేరు బట్టీ అయినా వేశాడు. అసలు మొగుడు అయిదు రాత్రులు ఆ క్రీము రాసుకోవడం చూశాడు గాని, పేరు అడిగితే చెప్పలేడు. ఈ ఇద్దరిలో పరీక్ష ఎవరు నెగ్గుతారో మీరే చెప్పండి.

మా పిన్ని కూతురి పెళ్లి ఆల్బం సంగతి ఇక్కడ చెప్పాలి. అప్పటికి ఇంకా హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో తెరిచారు, 2023లో నానక్‌రామ్‌గూడ మార్చారు. అంతకుముందు మనవాళ్లంతా చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్లవలసిందే. జెమినీ ఫ్లైఓవరు దగ్గర ఫైళ్లు గుండెకి హత్తుకుని నిలబడ్డ తెలుగు కుటుంబాలు ఆ వూరివాళ్లకి అలవాటైన దృశ్యం. ప్రయాణానికి ముందురోజు రాత్రి మా పిన్ని ఇంట్లో ఆల్బం ముందేసుకుని కూర్చున్నాం. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒకరినొకరు చూసుకుంటున్న ఫోటో ఒకటి పట్టుకెళ్లమని ఎవరో అనుభవజ్ఞులు చెప్పారు. చూడండి మరి మా అవస్థ! జీలకర్ర బెల్లం దగ్గర మధ్యలో తెర. మంగళసూత్రం కట్టేటప్పుడు పెళ్లికూతురు తల దించుకుని వుంది, వెనక ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంది, పెళ్లికొడుకు మొహానికి అడ్డంగా పురోహితుడి మోచెయ్యి. సప్తపదిలో ఇద్దరివీ పాదాలు మాత్రమే పడ్డాయి. అరుంధతి ఫోటోలో ఇద్దరూ పట్టపగలు ఆకాశంలోకి వేలు చూపించి, లేని నక్షత్రాన్ని చూస్తున్నారు. అప్పగింతల ఫోటోలు తీసి పక్కన పెట్టేశాం. ఆ ఏడుపు చూస్తే, ఈ పిల్లని బలవంతంగా పంపిస్తున్నారని ఏ దొరైనా అనుకుంటాడు. నూట ఎనభై ఫోటోల్లో ఒక్కటి దొరికింది. తలంబ్రాలప్పుడు బియ్యం గింజలు ఎగిరి కంట్లో పడబోతే అది ఫక్కున నవ్వింది, అతనూ నవ్వాడు. ఆ ఒక్క క్షణం ఫోటోగ్రాఫరు నిద్రపోకుండా వున్నందుకు మా పిన్ని ఇప్పటికీ అతనికి దణ్ణం పెడుతుంది.

నవ్వులాటకి చెప్పడం లేదిది. మన పెళ్లి ఆల్బంలో సాక్ష్యం లేక కాదు, నిండా వుంది. అటు మూడు తరాలవాళ్లు, ఇటు మూడు తరాలవాళ్లు, పీటల మీద తల్లిదండ్రులు, వెనక ఊరు ఊరంతా. ఇంతమంది చేసిన పెళ్లి అబద్ధం కావడానికి వీల్లేదన్నదే మన సాక్ష్యం. వాళ్లకి కావలసింది ఇద్దరే వున్న ఫోటో. మన కథ చెప్పే పద్ధతే వేరు. అది తెలియని పాఠకుడి చేతికి మన పుస్తకం ఇచ్చి మార్కులు వెయ్యమంటున్నాం.

పేర్ల సంగతి అంతకంటె చిత్రం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వుండి, పేరంతా ఒకే ముక్కగా వున్న పిల్లకి, అమెరికా వీసాలో ఆ పేరే ఇంటిపేరు అయి కూర్చుంటుంది. అసలు పేరు వుండవలసిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అని మూడక్షరాలు పడతాయి. అంటే, పేరు తెలియదు అని. అమ్మమ్మ పేరో ఇలవేలుపు పేరో వెతికి వెతికి పెట్టి, బియ్యంలో వ్రాసి, చెవిలో మూడుసార్లు చెప్పిన పేరు! ఇక అక్కడ దవాఖానాలోనూ బాంకులోనూ 'ఫ్నూ' అని పిలుస్తుంటే, ఎవర్నో అనుకుని కూర్చుని వుండిపోయిన ఆడవాళ్ల కథలు విన్నాను. ఏ నవలాకారుడికీ ఇంతకంటె మంచి పేరు దొరకదు నాయికకి. ఒక్కరూ వాడుకోలేదేం?

పాఠకుడు తలలో ఒక చెత్త నవల పెట్టుకుని మన కథ చదివితే ఏమవుతుందో చెప్పడానికి ఇంకొక దేశం పోవాలి. 1979లో లండన్ హీత్రో విమానాశ్రయంలో మన దేశపు ఉపాధ్యాయిని ఒకావిడ దిగింది, పెళ్లాడబోయేవాడి దగ్గరికి. అక్కడి అప్పటి నిబంధన ఏమిటంటే, మూడు నెలల్లోపల పెళ్లి చేసుకోవడానికి వచ్చే పిల్ల ముందుగా అనుమతి పత్రం కోసం కాచుకోనక్కర్లేదు. భార్యగా వచ్చేదయితే కాచుకోవాలి. ఈవిడకి ఇదివరకే పెళ్లయిందేమో, వరస తప్పించుకోవడానికి కన్యనంటోందేమో అని అధికారులకి అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీర్చుకోవడానికి ఒక డాక్టరు చేత ఆమె శరీరాన్ని పరీక్ష చేయించారు. ఏ పరీక్షో నేను వ్రాయనక్కర్లేదు. పెళ్లికాని హిందూ దేశపు ఆడపిల్ల ఇలాగే వుంటుందని ఎవరో ఎక్కడో వ్రాసిన ముక్క నమ్మి చేసిన పని అది. పత్రికల్లో వచ్చి అలజడి రేగాక, ఆ పరీక్ష ఆపేస్తున్నామని ప్రభుత్వం చెప్పింది. మన దేశంలోనే, భార్యలుగా వెళ్లడానికి దరఖాస్తు పెట్టుకున్న ఆడవాళ్లకి కూడా అలాంటివి జరిగినట్టు ఆ తరువాత బయటపడింది.

అదే దేశంలో 1980 నుంచి 1997 దాకా ఇంకొక నిబంధన నడిచింది. పెళ్లి చేసుకోవడంలో ముఖ్యోద్దేశం ఆ దేశానికి రావడం కాదని దరఖాస్తుదారే రుజువు చెయ్యాలి. మొదట మగవాళ్లకే పెట్టారు, 1985లో స్త్రీపురుష భేదం తగదని యూరపు న్యాయస్థానం తీర్పు ఇస్తే, భార్యలకీ అదే అంటగట్టి సమానత్వం పాటించారు! పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ముఖ్యోద్దేశం ఏమిటని అడిగితే మీరైతే ఏం చెబుతారు? మా అమ్మనడిగితే, మా తాతగారు మాట ఇచ్చారు అంటుంది. అది వాళ్ల పుస్తకంలో ఉద్దేశం కిందికి రాదు.

ఉత్తరాల మాట మరిచిపోయాను. మాల ఉత్తరం మొగుడికి చేరింది, అంతే. కానీ మన ఇళ్లలో ఆ రోజుల్లో నీలం ఏరోగ్రాం వచ్చిందంటే ముందు మామగారు విప్పేవారు, తరువాత అత్తగారు చదివించుకునేది. వ్రాసేవాడికీ ఆ సంగతి తెలుసు కాబట్టి, అందరినీ పేరు పేరునా అడిగి, అడుగున భార్యకి ఒక వాక్యం వదిలేవాడు. ఆ ఉత్తరాలు తీసుకెళ్లి ప్రేమకి సాక్ష్యంగా చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఇప్పుడు ఉత్తరాలు పోయి ఫోను మీద రాసుకునే మాటలు వచ్చాయి. అమెరికా పౌరుడి భార్యగానో గ్రీన్‌కార్డు వున్నవాడి భార్యగానో వెళ్లే పిల్లలు, రాత్రిళ్లు మొగుడితో రాసుకున్న మాటలు కాగితాల మీద అచ్చుతీసి, తేదీల వారీగా పేర్చి ఫైల్లో కుడుతున్నారు. ఏవి వుంచాలో ఏవి తీసెయ్యాలో నాన్న పక్కన కూర్చుని చూస్తూ వుండగా! అత్తగారి చేతిలోంచి జారిన ఉత్తరం అధికారి చేతిలో పడింది. ఆ పిల్లకి తనదంటూ మిగిలిన మాట ఎన్నడూ లేదు.

ఈ నిరీక్షణ గదిలోకి తలుపు తీసుకుని వెళ్లిన రచయిత్రి ఒకావిడ వుంది. భారతి ముఖర్జీ. 1975లో వచ్చిన ఆమె నవల 'వైఫ్'. అందులో డింపుల్ అనే అమ్మాయి, ఇంజనీరు అమిత్ బసుని పెళ్లాడి, విదేశం పోవడానికి కాగితాలు వచ్చేదాకా కలకత్తాలో అత్తవారింట్లో గడుపుతుంది. అక్కడ మొగుడు పక్కనే వున్నాడు, ఇద్దరూ కలిసే వెళతారు. అయినా ఆ కాచుకోవడం ఆమెని తినేస్తుంది. రాబోయే జీవితం తప్ప చేతిలో వున్నదేదీ జీవితంలా కనపడదు. కడుపుతో వున్న పిల్ల, కొత్త దేశానికి ఈ పాత బరువెందుకని, తాడాట ఆడి కడుపు పోగొట్టుకుంటుంది. చదవడానికి కష్టంగా వుంటుంది. డింపుల్ మీద నాకు జాలి కంటె భయం ఎక్కువ. నవల చివర ఆమె చేసే పని నాకు ఇప్పటికీ పూర్తిగా నమ్మబుద్ధి కాదు. న్యూయార్కు భాగంలో రచయిత్రి ఆ పిల్లని మరీ చేతి గుప్పిట్లో పెట్టుకుని నడిపించింది. కానీ మొదటి భాగం మాత్రం నిజం. లహిరి ఒక ఉత్తరంలో తేల్చేసిన కాలానికి ముఖర్జీ మూడోవంతు పుస్తకం ఇచ్చింది.

మన తెలుగు పిల్లలు డింపుల్ లాంటివాళ్లు కారని మీరనవచ్చు. కారు. వాళ్లు చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి, పని అయితే నూటఎనిమిది చేస్తామని మొక్కుకుని వస్తారు. మొక్కుకునేవాళ్లని చూసి నవ్వే రచయితలకి మన దగ్గర లోటు లేదు. ఆ పదకొండు ప్రదక్షిణలూ చేస్తూ ఆ పిల్ల ఏం లెక్కపెట్టుకుంటోందో వ్రాసినవాళ్లు లేరు. బాంకులో క్లర్కు వుద్యోగం వుంటుంది, దానికి రాజీనామా కాగితం ఎప్పుడివ్వాలి? ముందే ఇచ్చేస్తే, వీసా రాకపోతే? ఇవ్వకపోతే, వచ్చాక టైము చాలకపోతే? కాలేజీలో పాఠాలు చెప్పేదానికి కూడా ఇదే లెక్క. హెచ్-4 మీద వెళ్లేదానికి మనవాళ్లు డిపెండెంట్ వీసా అని పేరు పెట్టారు. ఆ పేరు అబద్ధం కూడా కాదు. 2015 మే నెల దాకా ఆ వీసా మీద వెళ్లిన భార్య అక్కడ చదువుకోవచ్చు గాని వుద్యోగం చెయ్యకూడదు. ఆ తరువాత కూడా, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక మెట్టు దాటితేనే ఆమెకి ఆ అనుమతి. ఫారంలో వుద్యోగం అన్నచోట ఆమె 'హోంమేకర్' అన్న మాట ఎంచుకోవాలి. రాజీనామా ఇచ్చి ఇంకా వారం కాలేదు, ఇల్లింకా చూడలేదు. ఆ గడి నింపే క్షణం మీద ఒక కథ వ్రాయవచ్చు. మంచు కంటె చల్లగా వుంటుంది.

ఇంతకీ మాల సంగతి. లహిరిని నేను మరీ దుయ్యబట్టినట్టు అనిపిస్తే, ఆమె పక్షాన ఒక మాట చెప్పవలసి వుంది. ఆరు వారాలూ మాల ఏం చేసిందన్న ప్రశ్నకి కథలో జవాబు లేకపోలేదు. మాల బోస్టన్‌లో పెట్టె తెరిచి మొగుడికి తాను తెచ్చినవి ఇస్తుంది. బావగారు వ్రాసిన ఉత్తరం, డార్జిలింగ్ టీ పొట్లం, రెండు కొత్త పైజమాలు. వాటితోబాటు నీలం వూలుతో తాను అల్లిన స్వెట్టర్లు రెండు. అతను తొడుక్కుని చూస్తాడు. రెండూ చంకల దగ్గర బిగుతు.

అల్లిక తెలిసినవాళ్లెవరైనా ఆ వాక్యం దగ్గర ఆగిపోతారు. ఆరు వారాల్లో రెండు మగవాళ్ల స్వెట్టర్లంటే మాటలు కాదు. పొద్దున్నా మధ్యాహ్నం రాత్రీ అదే పని. చలిగా వుంటుందా అని ఉత్తరంలో అడిగింది ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. మనం మగవాడికి స్వెట్టరు అల్లితే, రెండురోజులకోసారి వీపుకి ఆనించి కొలత చూసుకుంటాం. ఆ పిల్లకి కొలత చూసుకోవడానికి వీపు లేదు. అటు తిరిగి పడుకున్న అయిదు రాత్రుల జ్ఞాపకం వుంది, అంతే. దాంతో భుజాలు ఇంత వుంటాయని అంచనా కట్టి కుట్లు వేసుకుంది. రెండోది అల్లేటప్పుడు కూడా సరిచూసుకునే దారి లేదు కాబట్టి, రెండూ ఒకేచోట బిగుతయ్యాయి.

మొగుడు ఆ బిగుతు ఒక్కటే గమనిస్తాడు. చెప్పేది అతను కాబట్టి కథలో అంతకంటె వుండదు. అదే మాల చెప్పి వుంటే మొదటి స్వెట్టరు ఎన్నిసార్లు విప్పి మళ్లీ మొదలుపెట్టిందో, నీలం రంగే ఎందుకు కొన్నదో, ఎవరు చూస్తుండగా అల్లిందో, చూసినవాళ్లు ఏమని హాస్యమాడారో వుండేది. పాస్‌పోర్టు వచ్చిన రోజున ఎన్నో వరస మీద వుందో కూడా చెప్పేది.